ఓట్‌మార్ తాత అనుమతి

కోకా ఆకులు మూడోసారి కూడా వెల్లకిలా పడ్డాయి. పాలిపోయిన వైపు పైకి ఉంటే కాదన్నట్టు.

"కుదరదు డాక్టరమ్మా," అన్నాడు ఆకులు చూసే సతుర్నీనో. "తాత ఒప్పుకోవడం లేదు."

తాత అంటే డాక్టర్ ఓట్‌మార్. వందేళ్ల కిందట జర్మనీ నుంచి వచ్చి పుకవాయ్కో దిబ్బను మొదట తవ్వినవాడు. ఎర్ర కుండలు కింద, నల్ల కుండలు పైన దొరికాయి కాబట్టి ఎరుపు పాతది, నలుపు కొత్తది అని రాశాడు. ఆ లోయ చరిత్రంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. ఇక్కడే చనిపోయాడు. ఏటా పితరుల రోజున ఊరంతా తమవాళ్లతో పాటు ఆయన సమాధి మీదా ఇంత చిచా, అంటే మొక్కజొన్న కల్లు, పోస్తారు.

ఆ మాట తప్పని తేల్చడానికి పురావస్తు పరిశోధకురాలు నిల్దా వమాని రాజధాని లీమా నుంచి వచ్చింది. సర్కారు అనుమతి చేతిలో ఉంది. కానీ పుకవాయ్కోలో నేలనూ పోయిన పెద్దలనూ అడక్కుండా ఎవరూ పార పట్టరు. వానలు మొదలయ్యేలోగా తవ్వకపోతే ఆమె ఐదేళ్ల పని నీళ్లపాలే.

"నేల మీద సారా ఇంకాస్త పోయండి," అంది నిల్దా సతుర్నీనోతో.

"మందు పోసి పని చేయించుకోడానికి ఆయనేమన్నా మునిసిపాలిటీ ఇంజనీరా?" అంది ఊరి సంఘం అధ్యక్షురాలు ఫొర్తునాతా.

"పోయి ఎనభై ఏళ్లయింది. ఇంకా కోపమేంటమ్మా?"

"పోతే కోపం పోద్దా? మా అత్త పోయి ఇరవై ఏళ్లు. ఇప్పటికీ కల్లోకొచ్చి చారులో ఉప్పెక్కువైందంటది."

సతుర్నీనో ఆకులు ఏరుకుంటూ అడిగాడు. "అసలాయనకు ఏం చెప్పుకున్నావు?"

"తప్పు రాశారు, సరిచేస్తానని."

"అంతేనా?"

"అంతే."

"కొత్త కోడలు గుమ్మం దాటుతూనే 'పొయ్యి వంకరగా పెట్టారు' అన్నట్టుంది! పెద్దాయన తల్లీ. కారణం చెప్పుకో."

లీమాలో ప్రొఫెసర్ల ముందు ఇదే వాదన చేసింది నిల్దా. వాళ్లెవరూ మట్టి కింద లేరు. గొంతు సవరించుకుని నేల మీద పుల్లతో గీసింది.

"అయ్యా, పాతకాలంలో ఇక్కడ కాలువ తవ్వారు. పైనున్న ఎర్ర పెంకుల మట్టి ముందు తీసి గట్టు మీద పోశారు. అడుగునున్న నల్ల పెంకుల మట్టి తర్వాత తీసి దాని మీద పోశారు. మీరు తవ్వింది ఆ గట్టు. అందుకే తలకిందులుగా దొరికింది."

"కాలువ ఉందని ఎవరు చెప్పారు?" ఫొర్తునాతా చచ్చినాయన తరఫున వకాల్తా పుచ్చుకుంది. "మా తాతలైతే చెప్పలేదు."

"ఈయనే చెప్పారు."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

ఓట్‌మార్ తన పుస్తకంలో తాను తవ్విన గొయ్యి గోడ బొమ్మ వేశాడు. అందులో ఏటవాలుగా ఒక గీత ఉంది. పక్కన 'ఇదేమిటో నాకు తెలియలేదు' అని రాశాడు. ఆ గీత లేకపోతే ఆయన వాదన ఇంకా గట్టిగా కనిపించేది. అయినా వేశాడు. తర్వాత వచ్చినవాళ్లంతా కుండలు చూశారు, గీత చూడలేదు.

"అయ్యా, అది కాలువ గట్టు అడుగు అంచు," అంది నిల్దా. "మీరు దాచి ఉంటే నేనూ అందరిలాగే మీ మాట పట్టుకుని పోయేదాన్ని. మీరు చూపించారు కాబట్టే మీ మీదికి వచ్చాను."

సతుర్నీనో ఆకులు విసిరాడు. రెండు తప్ప అన్నీ పచ్చగా పడ్డాయి.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! సీసాలన్నీ నేల తాగింది," అన్నాడు.

"ఒక షరతు," అంది ఫొర్తునాతా. "పక్కన కాదు, ఆయన తవ్విన గొయ్యే మళ్లీ తెరువు. ఆయన కళ్లెదుట జరగాలి."

బడి గోడకున్న ఓట్‌మార్ ఫొటో తెచ్చి గొయ్యి అంచున నిలబెట్టారు. నాలుగో రోజుకు పాత గోడ బయటపడింది. ఏటవాలు గీత అలాగే ఉంది. దాని కింద ఎవరూ కదపని మన్ను. అందులో ముందు ఎర్ర పెంకులు వచ్చాయి. వాటి కింద నిల్దా తాపీకి నల్ల పెంకు తగిలింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత అన్నీ నల్లవే. నలుపే పాతది.

ఫొర్తునాతా ఫొటో వైపు చూసి తల గోక్కుంది.

"ఆయనకెలా చెప్పడం?" అంది నిల్దా.

సతుర్నీనో వెళ్లి ఫొటోను మెల్లగా కొండ వైపు తిప్పాడు.

"దుంపలు ఉడికినట్టున్నాయి. ముందు ఆయన వాటా పెట్టండి," అన్నాడు. "ఖాళీ కడుపున వినే మాట కాదిది."