విరగని తాళం

ఐస్‌క్రీమ్ గోదాములో ఒకామె సరుకు సర్దుతుండగా తలుపు మూసుకుని తాళం పట్టేసింది. ఆ తాళం బిగించిన మేస్త్రి ఆమె మొగుడే. అప్పటినుంచీ అందులో తీగ దూర్చి తిప్పుతూనే ఉన్నాడు.

"తిప్పింది చాల్లే బావా, జరుగు!" బావమరిది గడ్డపార ఎత్తాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా. నా తాళం నేనే పగలగొట్టానంటే రేపు నన్నెవడు పనికి పిలుస్తాడు?"

"మా అక్క శవం మొయ్యడానికి పిలుస్తార్లే!"

లోపల తలుపు బాదుతున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. మేస్త్రి ఇంకా గట్టిగా తిప్పేసరికి తీగ తాళంలోనే పుటుక్కున విరిగింది.

బావమరిది తాళం మీద పోటు వేయబోయాడు. మేస్త్రి గడ్డపార లాక్కున్నాడు.

"దాన్ని వదిలెయ్. ఏనుగు తొక్కినా విరగదది. ఇటు పట్టు!"

గడ్డపార మొనను తలుపు బందుల కింద దూర్చి ఇద్దరూ బరువంతా వేశారు. మేకులు కిర్రుమంటూ లేచాయి. తలుపు ఒరిగింది.

గోడ పట్టుకుని ఆమె బయటికొచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. మొగుణ్ణీ, చెక్కుచెదరని తాళాన్నీ మార్చి మార్చి చూసింది.

"తాళం క్షేమమేగా?" అంది.

జవాబు కోసం ఆగలేదు. తమ్ముడి భుజం పట్టుకుని పుట్టింటి దారి పట్టింది.