అత్తగారి చిటికెడు

ఫోను మోగేసరికి కోడలు మిరియాలు నూరుతోంది. "హలో" అనబోయి తుమ్మింది. అవతల పెద్ద డాక్టరుగారు ఆగారు. మళ్లీ తుమ్మింది. ఆయన మళ్లీ ఆగారు. మూడో తుమ్ము కూడా అయ్యాక, "అయిపోయాయా అమ్మా?" అని అడిగి అసలు సంగతి చెప్పారు.

"గోడ మీది నా పట్టిక తీయించేశాను. రేపు అక్కడ నీది పెడుతున్నాం. నీ ఉద్యోగం కూడా ఖాయం."

ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. "అత్తయ్యా!" అని అరిచిన అరుపుకి పెరట్లో బట్టలారేస్తున్న అత్తగారు తడి దుప్పటి భుజాన వేసుకునే పరుగెత్తుకొచ్చింది.

"ఏం మాడిందే?"

"ఏం మాడలేదత్తయ్యా. గెలిచాం!"

గెలిచాం అంది. గెలిచాను అనలేదు. అత్తగారు ఆ మాట వదిలిపెట్టే మనిషి కాదు గానీ, అప్పటికి కోడలు దుప్పటితో సహా ఆమెను గిర్రున తిప్పేస్తోంది.

పెళ్లయి రెండు నెలలు, ఆసుపత్రిలో ఆహార సలహాలు చెప్పే ఉద్యోగంలో చేరి మూడు నెలలు. కొత్త కాపురం, కొత్త ఉద్యోగం. రెండింటిలోనూ ఏ గిన్నె ఎక్కడుంటుందో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అలాంటి సమయంలో కుట్టుపని చేసుకునే ఒకావిడ ఆమె గదికి వచ్చింది. రక్తం తక్కువ. సూదిలో దారం ఎక్కించబోతే కళ్లు తిరుగుతున్నాయట. రెండు నెలల క్రితం కంటే రక్తం ఇంకా తగ్గింది.

"ఆకుకూరలు తింటున్నావా అక్కా?"

"మానేశానమ్మా. ఆ కడగడం, తరగడం ఎవరివల్ల అవుతుంది? మీ గోడ మీదే రాశారుగా, పాలకూర కంటే జీలకర్రలో ఇనుము ఎన్నో రెట్లని! రోజూ కాస్త నోట్లో వేసుకుంటున్నా."

గోడ మీది పట్టిక పెద్ద డాక్టరుగారు పదేళ్ల కింద స్వయంగా రాసింది. అందులో అబద్ధం లేదు. నూరు గ్రాముల జీలకర్రనీ నూరు గ్రాముల పాలకూరనీ పక్కపక్కన పెడితే జీలకర్రదే పైచేయి. కానీ నూరు గ్రాముల జీలకర్ర ఒక్కపూట తినే మనిషిని ఎవరైనా చూశారా?

ఆ మాటే కోడలు వెళ్లి ఆయనతో అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ప్రపంచమంతా నూరు గ్రాములకే లెక్క వేస్తుంది. నువ్వేమో చిటికెడు అంటున్నావు. చిటికెడంటే ఎంత? ఎవరి చిటికెడు? శుక్రవారంలోగా తూచి చూపించు. లేకపోతే, ఊహల మీద సలహాలు చెప్పేవాళ్లు నాకు అక్కర్లేదు."

చిటికెడు తూచాలంటే మామూలు త్రాసు పనికిరాదు. ఆమె అదృష్టం కొద్దీ మెట్టినిల్లు నగలు చేసే ఇల్లు. ముందు గదిలో మామగారు, భర్త కూర్చుని పనిచేస్తారు. వాళ్ల బల్ల మీద అద్దాల గూట్లో ఒక త్రాసు ఉంది. ఊపిరి తగిలితే కూడా అంకె మారిపోతుంది.

"బంగారం తూచే దాంట్లో జీలకర్రా?" మామగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "రేపెవరి ఉంగరమో ధనియాల వాసనొస్తే ఏం చెప్పమంటావు తల్లీ?"

"కమ్మగా ఉందని చెప్పండి మామయ్యా."

చివరికి ఒప్పుకున్నారు. కోడలు అత్తగారిని పిలిచి త్రాసు ముందు కూర్చోబెట్టి, "ఒక చిటికెడు వెయ్యండత్తయ్యా" అంది. అత్తగారు మెరుగు పెట్టిన రాయిని తీసినట్టు వేలికొనలతో ఏడెనిమిది గింజలు తీసి, ఊపిరి బిగబట్టి పెట్టింది. పదిసార్లు పెట్టినా అంతే. కోడలు అంకెలన్నీ రాసుకుని పొంగిపోయింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర తెలిసొచ్చింది తప్పు. కూరలో జీలకర్ర ముద్దముద్దకీ తగులుతోంది. ఏడెనిమిది గింజల వాలకం కాదది. నలభై ఏళ్లు ఆ ఇంట కాపురం చేసిన మనిషి ఆ త్రాసు ముందు ఒక్క పలుకు ఎక్కువ వేస్తుందా? చేతికి అలవాటైపోయిన భయం. పొయ్యి దగ్గరి చెయ్యి వేరు, త్రాసు దగ్గరి చెయ్యి వేరు.

దాంతో దొంగపని మొదలైంది. పొద్దున్న అత్తగారు స్నానానికి వెళ్లగానే పోపుల డబ్బాలోని గిన్నెలు ఒక్కొక్కటే ముందు గదికి వెళ్లి తూగి వచ్చేవి. వంటయ్యాక మళ్లీ వెళ్లేవి. మోసేవాడు భర్త.

"బంగారం దొంగల్ని విన్నాం గానీ మెంతుల దొంగల్ని ఇదే చూడటం" అని అతను గొణిగితే, "మీరు దొంగ కాదు, దొంగ మొగుడు" అని ఆమె గుసగుసలాడేది. నవ్వాపుకోలేక పసుపు గిన్నె ఒలకబోసింది కూడా అప్పుడే.

అయిదో రోజు దొరికిపోయారు.

"నా గిన్నెలు రోజూ షికారుకెళ్తున్నాయేమిట్రా?"

కోడలు తల దించుకుని కాగితం చాపింది. అత్తగారి ముఖం ముడుచుకుంది. "అయితే నన్ను తూచారన్నమాట."

మామగారు ఆ కాగితం లాక్కుని దీపం కిందికి వంగారు. నలుగురికి చేసిన కూరలో జీలకర్ర మొదటి రోజు రెండు గ్రాములు. రెండో రోజు రెండు. మిగతా మూడు రోజులూ తేడా అంటే రెండు గింజల తేడా.

"ఇన్నాళ్లూ ఈ ఇంట్లో త్రాసు నా బల్ల మీదుందనుకున్నానే!" అన్నారాయన. అత్తగారి ముఖం విప్పారింది. పొరుగు నాలుగిళ్ల డబ్బాలు కూడా తెచ్చి తూయించింది ఆవిడే.

లెక్క తేలింది. మనిషి వంతుకి జీలకర్ర అర గ్రాము. అదే పళ్లెంలో పాలకూర నూరు గ్రాములు. ఇప్పుడు పాలకూర ఇనుము ఎనిమిది రెట్లకు పైనే. పాత పట్టికలో ఎండిన ఆకు పచ్చి ఆకు కంటే గొప్పగా కనిపించడానికి కారణం, అందులో నీరు పోయి అన్నీ చిక్కబడటమే. వంటలోకి గుప్పెడు పచ్చి కొత్తిమీర పడుతుంది గానీ గుప్పెడు ఎండుపొడి పడదు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే పైన నిమ్మరసం పిండుకోవాలి. చిటికెడు, చెంచా, గుప్పెడు అని మూడు వరసలుగా ఇవన్నీ రాసింది.

"అయితే నా జీలకర్ర దండగేనా?" అంది అత్తగారు. "అది లేకపోతే ఆ ఆకు ఎవరు తింటారే?"

కోడలు పెన్ను తీసి, పట్టిక అడుగున ఆ మాట ఉన్నదున్నట్టు రాసేసి, గడువులోగా డాక్టరుగారికి అందించింది.

ఇప్పుడు ఫోనులో డాక్టరుగారు ముందుగా మెచ్చుకున్నది ఆ మాటనే. "అది ఎవరన్నారో గానీ, రేపు వాళ్లను కూడా తీసుకురా అమ్మా."

దుప్పటి దించి అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనా? అంతమంది ముందా?" అంటూనే, "ఆ కుట్టుపని ఆవిడకి ఫోను చెయ్యి. పొద్దున్నే రమ్మను. కడగడం, తరగడం తేలికగా ఎలాగో నేను చూపిస్తా. రెండు కట్టల పాలకూర, నిమ్మకాయలు మనమే పట్టుకెళ్దాం" అంది.

మామగారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

"రేపు మధ్యాహ్నం దాకా పని బంద్. ఎనిమిదింటికల్లా అందరం ఆసుపత్రికి. త్రాసు నేనే మోస్తాను, ఎవరూ ముట్టుకోకండి."