కౌంటరు దగ్గర నిలబడే మనిషి

భర్త పని నుంచి ఇంటికి రాగానే ఆ ఇల్లాలు మంచినీళ్ల కన్నా ముందు అడిగేది చొక్కా. "ఇలా విప్పి ఇవ్వండి, గుండీ వదులైందేమో చూస్తాను" అంటుంది. ఆమె కుట్టుపని చేసే మనిషి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పక్కింటి వదిన అయితే "మొగుడంటే ఎంత శ్రద్ధమ్మా నీకు!" అని మెచ్చుకుంటుంది కూడా.

ఆమె ఆ చొక్కా పట్టుకుని వంటగదిలోకి వెళ్లి, తలుపు ఓరగా వేసి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. చెమట వాసన, వైర్ల రబ్బరు వాసన, మోటారుకు పూసే వార్నిషు వాసన. ఇంకేమీ లేదు. అప్పుడామె ఊపిరి వదిలి పొయ్యి వెలిగిస్తుంది.

చదివేవాళ్లు ఆమెను అనుమానపు మనిషి అనుకోకూడదు. ఆయన ఎలక్ట్రీషియన్. పనిలో మంచి పేరున్న మనిషే. కానీ తాగుడు ఆ పేరును కొంచెం కొంచెంగా కొరుక్కుతినేసింది. వాళ్ల పాప పాకే వయసులో ఒకసారి మత్తులో నిచ్చెన మీంచి పడి, ఆస్పత్రి పాలయ్యాడు. అక్కడి నుంచి వచ్చాక మానేశాడు. మానేసి ఏడాది దాటింది. ఒకప్పుడు ఆయన్ని చూసి గేటు వేసుకున్న వాళ్లే ఇప్పుడు "తమ్ముడూ, ఫ్యాను తిరగట్లేదు, కాస్త చూసిపో" అని పిలుస్తున్నారు. ఇల్లు నవ్వడం మళ్లీ నేర్చుకుంటోంది. అయినా ఆమె చొక్కా అడగడం మానలేదు.

ఆ కాలనీకి ఒక సంఘం ఉంది, సంఘానికి ఒక హాలు ఉంది. బస్సు డిపోలో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దాయన ఆ సంఘానికి అధ్యక్షుడు. అందరూ ఆయన్ని డిపో బాబాయి అంటారు. ఏటా ఒకరోజు కాలనీ వాళ్లందరూ హాల్లో కలిసి తిని, పాటలు పాడుకుని, పిల్లలకు బహుమతులిచ్చి వెళ్తారు. పోయిన ఏడు మాత్రం పాటలు మొదలయ్యేసరికి మగవాళ్ల కుర్చీలు సగం ఖాళీ. అందరూ ప్రహరీ గోడ వెనక కార్లలో సీసాలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన తూలుతూ వచ్చి బండి వెనక్కి తీయబోయి, హాలు బయట పిల్లలకు వేసిన కుర్చీల వరసను గుద్దేశాడు. ఒక్క నిమిషం ముందే పిల్లలు అక్కణ్ణుంచి లేచి బహుమతులకు వెళ్లారు.

ఆ సంగతి డిపో బాబాయిని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. "చాటుగా తాగితేనే కదా ఈ తిప్పలు? అనుమతి తెచ్చుకుందాం. ఒక గది, ఒక టైము, ఒక పద్ధతి పెడదాం" అన్నాడాయన. ఆ మాటలో చెడు ఉద్దేశం ఏమీ లేదు. పోలీసుల్నీ ఫైరు వాళ్లనీ అడిగి, ఎక్సైజు ఆఫీసులో దరఖాస్తు పెట్టారు. ఆఫీసు వాళ్లు కొన్ని షరతులు చెప్పారు. కౌంటరు వేరే గదిలో ఉండాలి, పిల్లలు ఆ వైపు రాకూడదు, చెప్పిన టైముకి మూసెయ్యాలి. మొదటి నుంచి చివరిదాకా అక్కడ నిలబడి చూసుకునే బాధ్యుడొకడు ఉండాలి. అతను తాగనివాడై ఉండాలి.

కమిటీ ఆ చివరి షరతు దగ్గర ఆగిపోయింది.

"మన కాలనీలో తాగనివాడెవడ్రా?" అన్నాడు మందుల షాపాయన.

"నేను తాగను" అన్నాడు కోశాధికారి.

"నిన్న తాగలేదు అను, నమ్ముతాం."

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఎవరికో తట్టింది. "మన ఎలక్ట్రీషియన్ ఉన్నాడుగా! ఏడాదిగా చుక్క ముట్టలేదు. అతన్ని మించినవాడు ఎవడున్నాడు?" డిపో బాబాయి ముఖం వెలిగిపోయింది. "భేష్! వాడికీ గౌరవంగా ఉంటుంది" అన్నాడు.

వాళ్లు నిజంగా గౌరవమే అనుకున్నారు. కాలి మానిన చేతిని మెచ్చుకుని, ఆ చేతినే మళ్లీ నిప్పుకు కాపలా పెడుతున్నామని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

ఆ సాయంత్రం ఎలక్ట్రీషియన్ ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. "విన్నావా? సంఘం నన్ను బాధ్యుడిగా పెట్టింది. నా పేరు ఆఫీసులో రాయిస్తారట!"

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. "గ్లాసులు కూడా మీరే కడగాలా?" అని మాత్రం అడగగలిగింది.

"కడిగేవాళ్లు వేరే ఉంటారులే. నేను చూస్తే చాలు." ఆయన ఆమె ముఖం చూశాడు. "నా మీద నమ్మకం లేదా?"

"ఉందండీ."

"నువ్వు గుండీలే చూస్తున్నావని నేననుకుంటున్నానా? ఎప్పుడో తెలుసు."

ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "కోపం రాలేదా?"

"మొదట్లో వచ్చేది. తర్వాత, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారులే అని ధైర్యంగా అనిపించేది. కానీ వీళ్లు చూడు, వాసన చూడకుండానే నమ్మారు. ఇన్నేళ్లలో నన్నెవరన్నా అలా నమ్మారా చెప్పు?"

వద్దంటే ఆయన గౌరవం పోతుంది, ఊరుకుంటే ఆయనే పోతాడేమోనని భయం. రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి డిపో బాబాయి భార్యకు కుట్టిన జాకెట్టు ఇచ్చే వంకతో వాళ్లింటికి వెళ్లింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది.

"రా అమ్మాయ్! నీ మొగుడు బంగారం అనుకో. వాణ్ణి చూసి మా వాళ్లు బుద్ధి తెచ్చుకోవాలి" అన్నాడాయన గుమ్మంలోనే. జాకెట్టు ఇచ్చి, "చేతులు బిగుతైతే చెప్పండి పిన్నిగారూ" అని వచ్చేసింది.

హాలు చూడడానికి ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. కమిటీ అంతా చేరింది. పాపను చంకనేసుకుని ఎలక్ట్రీషియన్ భార్య కూడా పక్కింటి వదినతో కలిసి వెళ్లి గుమ్మం పక్కన నిలబడింది. వేదిక పక్క సామాను గదినే కౌంటరుగా సర్దారు. మందుల షాపాయన హుషారు కొద్దీ ముందే తెప్పించిన నాలుగు సీసాలు బల్ల మీద వరసగా ఉన్నాయి.

"బాధ్యులు మీరేనా?" అంది అధికారిణి. "ఎక్కువైన మనిషికి ఇక పొయ్యనని మీరే చెప్పాలి. అయిపోయాక మిగిలినవి గదిలో పెట్టి తాళం వెయ్యాలి. మర్నాడు తిరిగి అప్పగించేదాకా తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆయన పెన్ను తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మందుల షాపాయన "సరుకు అసలుదో కాదో చూద్దాం" అంటూ ఒక మూత తిప్పాడు. ఆ చిన్న గదిలో వాసన గుప్పుమంది. ఎలక్ట్రీషియన్ గొంతు ఒకసారి కదిలింది. గుమ్మం దగ్గర భార్య అది చూసింది. పాపను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మేడం, తాగని మనిషి కావాలని కదండీ మీ రూలు?"

"అవును."

"నేను తాగని మనిషిని కాదండీ. తాగకుండా ఉంటున్న మనిషిని. రెండూ ఒకటి కాదు."

"అదేంట్రా, ఏడాది దాటిందిగా!" అన్నాడు కోశాధికారి, నవ్వబోయి ఆగిపోతూ.

"ఏడాది మీకండీ. నాకు రోజూ పొద్దుగూకేసరికి మళ్లీ మొదలవుతుంది. ఆ తాళంచెవి జేబులో పెట్టుకుని నేను ఇంటికి పోలేను." ఆయన తల దించుకున్నాడు. "నమ్మి పెట్టారు. తలవంపులు తెచ్చాను. క్షమించండి."

ఆమె లోపలికి వచ్చి భర్త పక్కన నిలబడింది. "బాబాయిగారూ, నేను ఆ రోజు మీ ఇంటికొచ్చింది ఈ మాట చెప్పడానికే. చెప్తే ఈయన్ని చిన్నబుచ్చినట్టవుతుందని నోరు మూసుకుని వచ్చేశాను."

డిపో బాబాయి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎలక్ట్రీషియన్ పక్కనే కూలబడ్డాడు. "డిపోలో కొత్తగా బ్రేకులు వేసిన బస్సుని ముందు చదునుగా ఉన్న రోడ్డు మీదే తిప్పేవాళ్లం. తీసుకెళ్లి ఘాట్ రోడ్డు ఎక్కించేవాణ్ణి కాదు. బస్సు దగ్గర తెలిసింది మనిషి దగ్గర మర్చిపోయాను. తలవంపులు నీకు కాదురా, నాకు."

అప్పుడు పక్కింటి వదిన మెల్లగా నోరు విప్పింది. "మా ఆయన కూడా మానాలని చూస్తున్నారు బాబాయిగారూ. ఎవరికీ చెప్పొద్దన్నారు. అందరూ హాల్లో కలిసే రోజు ఏదో జ్వరమని ఇంట్లోనే ఉండిపోదామనుకున్నాం."

ఎవరూ నవ్వలేదు. మందుల షాపాయన సీసాకు మూత బిగించాడు.

"షరతులన్నీ సరిపోతే అనుమతి ఇవ్వడం నా పని. ఇంకొకరి పేరు చెబితే రాసుకుంటాను" అంది అధికారిణి మృదువుగా.

"ఈ ఏడాదికి వద్దమ్మా" అన్నాడు డిపో బాబాయి.

"అంటే మళ్లీ గోడ వెనకేనా?" అని గొణిగాడు కోశాధికారి.

"గోడ వెనక నేనే కుర్చీ వేసుకుని కూర్చుంటా. రా, కబుర్లు చెప్పుకుందాం!"

అన్న మాట ప్రకారం, అందరూ కలిసిన రోజున డిపో బాబాయి ఆ వయసులో ఆ గోడ వెనక కూర్చున్నాడు కూడా. కొందరు ముఖం ముడుచుకుని తొందరగా వెళ్లిపోయారు. అది దాచాల్సిన పని లేదు. కానీ చాలామంది ఉన్నారు. పక్కింటి అన్నయ్య జ్వరం లేకుండా వచ్చి పిల్లలతో కుర్చీలాట ఆడాడు. మైకు, దీపాలు ఎలక్ట్రీషియన్ చూసుకున్నాడు. ఆయన భార్య ముందు వరసలో కూర్చుని, చాలా కాలం తర్వాత, వెనక్కి తిరిగి చూడకుండా పాటలు వింది.

బహుమతుల ముందు డిపో బాబాయి మైకు అందుకున్నాడు.

"మనం ఆఫీసుని అడిగాం, పోలీసుల్ని అడిగాం, ఫైరు వాళ్లని అడిగాం. సీసా పక్కన ఎవర్ని నిలబెడుతున్నామో ఆ మనిషిని మాత్రం 'నీకు కష్టమా నాయనా' అని ఒక్కరమూ అడగలేదు. నలుగురూ కలిసే చోట మందు పొయ్యాలంటే ఆఫీసు ఇచ్చే అనుమతి ఒక్కటే చాలదు. మానాలని పెనుగులాడుతున్న వాళ్లనీ, వాళ్ల కోసం ఇంట్లో ఊపిరి బిగపట్టుకుని ఎదురుచూసే వాళ్లనీ ముందుగా అడగాలి. వాళ్లు సరేనన్న రోజునే అది అనుమతి."