కదలని సైకిల్ మీద నాలుగు వందల కేలరీలు

మా అక్క దొంగతనంగా తింటోందని బావ నాకు ఫోన్ చేసి చెప్పాడు. తను వండుకున్న తిండిని తనే దొంగిలిస్తోందన్నమాట.

"నువ్వే వచ్చి అడుగు. నేనడిగితే ఏడుస్తుంది," అన్నాడు.

ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ముప్పై ఏళ్లుగా మా మధ్య ఏ మాట నడిచినా ఈ రెండింటి మధ్యే తిరుగుతుంది. అక్క పెళ్లిలో నన్ను చూసి "ఏమోయ్ ఇంజినీరూ" అన్నాడు. ఆ పేరు ఇవాళ్టికీ మార్చలేదు. మరీ ముద్దొచ్చి పెట్టిన పేరేం కాదది.

నేను వ్యాయామ యంత్రాలు బాగుచేస్తాను. జిమ్ముల్లో నడిచే ట్రెడ్‌మిల్లులు, ఎంత తొక్కినా అంగుళం కదలని సైకిళ్లు. బెల్టులు, బేరింగులు, మీటర్లు మారుస్తాను. ఆ మీటరు మీద కనిపించే కేలరీల అంకె ఉజ్జాయింపు అని ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. సీటు మీద కూర్చున్నది ఎవరో యంత్రానికి తెలియదు. కొన్ని యంత్రాలు బరువెంత అని అడుగుతాయి, జనం ఓపిక లేక ఆ ప్రశ్న దాటేస్తారు. అప్పుడది తనకు నచ్చిన మనిషిని ఊహించుకుని లెక్క కడుతుంది. అంకె ధారాళంగా చూపించే యంత్రం దగ్గరే క్యూ ఉంటుంది. ఒక జిమ్ము ఓనరు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఆ మూలది బొత్తిగా పిసినారిది, దాని చెయ్యి కాస్త వదులు చెయ్యి," అన్నాడు. చేశాను. అందుకే మా పనిలో మీటరుకి ఒకటే పరీక్ష. మార్చాక పెడల్ రెండు చుట్లు తిప్పుతాం. అంకె కదిలితే పాసు.

అక్క పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు నిలబడే పని. కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేసి మార్చాలంటే ముందు ఆరు కిలోలు తగ్గాలని డాక్టరమ్మ చెప్పింది. పద్నాలుగు వారాలు గడువిచ్చి తేదీ రాసింది. ఆ రోజుకి తగ్గకపోతే తేదీ వేరేవాళ్లకు పోతుంది, మళ్లీ వచ్చేసరికి ఏడాది. అంతకాలం నిలబడలేని మనిషిని లాండ్రీవాళ్లు ఉంచుకోరు. అక్కకు ఆ పనంటే ప్రాణం. ఇంట్లో రిటైరైన మాస్టారి ఎదురుగా పగలంతా కూర్చోవాల్సి వస్తే నాకూ ఏ పనైనా ప్రాణమే అవుతుంది.

మోకాలికి నడక పనికిరాదు, సైకిల్ తొక్కవచ్చన్నారు. నేను రెండు పాత సైకిళ్లు విప్పి ఒక మంచి సైకిల్ చేసి ఇచ్చాను. చక్రం, పెడళ్లు ఒకదానివి, మీటరు మరోదానిది. బావకది తెగ నచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద గళ్ల కాగితం అంటించాడు. రోజుకి ఎంత తినాలి, సైకిల్ మీద ఎంత కరిగింది, కరిగినదాంట్లో సగం సాయంత్రం ఎలా తినొచ్చు, మొత్తం స్కేలు పెట్టి గీశాడు. వంటింటి త్రాసు మీద రొట్టె ముక్క కూడా తనే తూచి ఇచ్చేవాడు.

పది వారాలు గడిచాయి. ఆయన లెక్కన ఐదు కిలోలు తగ్గాలి. రెండే తగ్గింది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. అక్క హాల్లో కుర్చీలో కూర్చుని మోకాలు రాసుకుంటోంది. నన్ను చూసి నవ్వబోయి ఆపేసింది. మేనకోడలు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నదల్లా, నేను రావడం చూసి మళ్లీ విప్పేసింది.

"రావోయ్ ఇంజినీరూ," అన్నాడు బావ. నన్ను ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించాడు. "రోజూ నలభై నిమిషాలు. నాలుగు వందలు, నాలుగు వందల పది, ఒకరోజు నాలుగు వందల ముప్పై. యంత్రం అబద్ధం చెప్పదు. కూడిక అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది ఎవరు?"

"మీరు," అంది మేనకోడలు.

"నువ్వుండు."

"నా వాచీ పెట్టుకుని అమ్మ తొక్కితే రెండు వందల ముప్పయ్యే చూపించింది మామయ్యా. చెప్తే వినరు."

"అది చేతికి కట్టుకునేది. తొక్కేది కాళ్లతో," అన్నాడు బావ.

"వాచీది కూడా ఊహేనమ్మా," అన్నాను నేను. "గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చూసి కరిగిందెంతో అంచనా వేస్తుంది. గుండె కోపమొచ్చినా కొట్టుకుంటుంది."

"అయితే నాన్న లెక్క అడిగే టైములో అమ్మకి బాగానే కరిగుంటుంది."

అక్క తల వంచుకునే నవ్వింది. బావ నవ్వలేదు.

"నేనేదో ఊరికే అనడం లేదు. మీ అక్కే ఒప్పుకుంది. లాండ్రీ క్యాంటీన్‌లో తింటోందట. చూడు, ఎర్ర సిరాతో రాశాను. బిస్కెట్లు ఆరు. అరటిపండ్లు రెండు. కేకు ముక్క. అవన్నీ కలిపితే నా లెక్క ఇంచుమించు సరిపోయింది," అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో జవాబు కుదిరిన తృప్తి కనిపించింది.

నేను అక్కను ఏమీ అడగలేదు. తిట్టడానికి పిలిచారు కాబట్టి తిట్టకపోతే బాగుండదని, "క్యాంటీన్ కేకు అంత బాగుంటుందా ఏంటి," అని ఓ మాట అన్నాను. అక్క తలెత్తలేదు. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఊరికే కూర్చోలేక సైకిల్ దగ్గరికి వెళ్లాను. "ఒకసారి తొక్కు అక్కా, శబ్దమేదో వస్తోంది," అన్నాను. శబ్దమేం రాలేదు. అక్క ఎక్కి తొక్కింది. ఎడమ పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ లోపల లెక్కపెట్టుకున్నాను. గోడ గడియారంలో నిమిషం తిరిగేసరికి యాభై రెండు. మీటరు మీద నిమిషానికి చుట్లు నూట నాలుగని ఉంది.

అక్కను దిగమని చెప్పి పక్క మూత విప్పాను. ఆ సైకిళ్లలో పెడల్ చక్రానికి చిన్న అయస్కాంతం ఉంటుంది. అది సెన్సర్ ముందు నుంచి పోయిన ప్రతిసారీ మీటరు ఒక చుట్టు అయిందనుకుంటుంది. ఈ చక్రానికి ఎదురెదురుగా రెండు అయస్కాంతాలున్నాయి. చక్రం వచ్చిన సైకిల్‌కి దాని సొంత మీటరు ఉన్నప్పుడు అది సరిగ్గా సగం చేసి చూపించేది. నేను పెట్టిన మీటరుకి ఆ సంగతి తెలియదు. ఒక చుట్టు తొక్కితే రెండు రాసుకుంది. చక్రమూ మీటరూ కలిపింది నేను. రెండు చుట్లు తిప్పి, అంకె కదిలిందని పాసు చేసిందీ నేనే.

మూత వెనక నా చేతులు ఎవరికీ కనిపించవు. ఒక అయస్కాంతం ఊడదీసి జేబులో వేసుకుని, సెన్సర్ పాతబడిందంటే సరిపోయేది. నన్ను ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. బావ ముందు మాత్రం తల దించకూడదని ముప్పై ఏళ్లుగా ఒక పట్టుదల. నిజం చెప్తున్నాను, కాసేపు ఆ దారే చూశాను. కానీ సెన్సర్ నిన్ననో మొన్ననో పాడైందంటే అక్క మీద ఎర్ర సిరా అలాగే ఉంటుంది.

"బావా, ఇటు రండి," అన్నాను. చూపించాను. మొదటిరోజు నుంచీ ఇంతేనని చెప్పాను. తప్పు నాదని చెప్పాను.

ఆయన వంగి చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. ఏదో అంటాడని కాచుకున్నాను, ఇంజినీరనో, ఏడో తరగతనో. లోపల లెక్క నడుస్తున్నట్టుంది, పెదాలు కదిలాయి.

"అయితే నిజానికి రెండు వందలేనా?"

"అది కూడా ఖాయం కాదు. నూట అరవయ్యో, నూట ఎనభయ్యో. కొత్తది కొన్నా అంతే బావా. అదంతా అంచనా. దాన్ని నమ్మి తినకూడదు."

"మరి నేను సాయంత్రం సగమని తూచి ఇచ్చింది..."

"కరిగినదంతా అక్కకు మీరే తిరిగి తినిపించారు."

ఆయన వెళ్లి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. ఎర్ర సిరా దగ్గర వేలు ఆగింది. "మరి ఈ బిస్కెట్లు?"

అక్క అప్పుడు నోరు విప్పింది. "తినలేదు."

"నువ్వే కదా చెప్పావు."

"రోజూ అడుగుతున్నారు. అవునంటే ఆపుతారనుకున్నా. ఏం తిన్నావ్, ఎన్ని తిన్నావ్ అని మొదలెట్టారు. ఆరు బిస్కెట్లన్నా. చాలలేదు మీ లెక్కకి. కేకు కూడా కలిపా."

బావ ఎర్ర సిరా మీంచి వేలు తీసేశాడు.

"ఆ క్యాంటీన్‌లో కేకే ఉండదండీ," అంది అక్క. తర్వాత నా వైపు తిరిగింది. "ఒరేయ్, అంకెలు ఉజ్జాయింపని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"అంకె లేకపోతే తొక్కవేమోనని."

"జిమ్ముకొచ్చేవాళ్లకు చెప్పే మాట నాకు చెప్తున్నావా," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

మర్నాడు లాండ్రీకి సెలవు పెట్టి అక్క ఆసుపత్రికి బయల్దేరింది. మమ్మల్నిద్దరినీ వెంట రమ్మంది. రమ్మందంటే బతిమాలలేదు, గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. రెండు కిలోలని చూసి కాగితం తిరగేసింది. బావ లేచి నిలబడి, తరగతిలో తప్పు దిద్దుకుంటున్నట్టుగా, "లెక్క నేను వేశానండీ, లెక్క తప్పు," అన్నాడు. మీటరు సంగతి నేను చెప్పాను. ఆవిడ మా ఇద్దరినీ చివరిదాకా వినలేదు. అక్కను బల్ల మీద కూర్చోబెట్టి కాలు చాపించింది, మడిపించింది, తొడ మీద వేళ్లు వేసి నొక్కి చూసింది.

"కండ బాగా గట్టిపడింది. రోజూ తొక్కారా?"

"ఒక్కరోజు కూడా మానలేదు."

"మంచిది. కానీ ఈ తేదీ ఉంచలేను, మిగిలిన నాలుగు వారాల్లో ఇంకా నాలుగు కిలోలు తగ్గలేరు. వేరేవాళ్లకు ఇవ్వాలి. మీది మూడు నెలలు జరుపుతాను, ఏడాది కాదు. లాండ్రీవాళ్లకు ఉత్తరం రాసిస్తా. ఆలోగా స్టూలు మీద కూర్చుని చేసే పని ఏదైనా అడగండి, ఇస్తారో లేదో నేను చెప్పలేను." కొత్త కాగితం తీసింది. "ఇప్పుడు చెప్పండి, రోజూ ఏం తింటున్నారు?"

బావ గొంతు సవరించుకున్నాడు. ఆయనకు గ్రాములతో సహా కంఠతా వచ్చు.

"నేను చెప్తాను," అంది అక్క.

ఆయన నోరు మూసుకుని వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. పక్కన నాకు కొంచెం చోటిచ్చాడు. అక్క పొద్దున్న టీ దగ్గర మొదలుపెట్టింది. చక్కెర చెంచాన్నర, అంది. డాక్టరమ్మ రాసుకుంది. ఎక్కడా ఆగి, నిజమేనా అని అడగలేదు.