రెండో అంతస్తు తాళంచెవి

టీ, చల్లారిన టీ, మూత తిప్పగానే తెలిసిపోయింది నాకు, పెంచలకృష్ణ సారు ఆ బుడ్డి విస్కీ సీసాను నా ముక్కు దాకా తెచ్చి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు, నీకెట్ట తెలస్తదిలే షాహిదాబీ, మీ సాయిబులు మందు ముట్టరు గదా, అని తనే పెదవికి ఆనించుకున్నాడు, చప్పరించి, ఇది టీ, అని ఎడమ పక్కన పెట్టాడు, ఇంకోటి తీసి, ఇది సరుకే, అని కుడి పక్కన, హోటల్ మేనేజర్ అయిన ఆయన గదిలో ఏసీ మోగుతోంది, కిటికీ అవతల సముద్రం, పొద్దున్నించి నిలబడే ఉన్నాను, కూర్చో అనలేదు, రెండో అంతస్తు గదుల ఫ్రిజ్‌లలో ఉన్న సీసాలన్నీ నా చేతే ట్రేలో పెట్టించి తెప్పించాడు, సరుకు అనుకున్నదాన్ని రెండోసారి కూడా చప్పరిస్తున్నాడు, అనుమానం తీరాల గదా అంటాడు, కింద బార్‌లో పనిచేసే టైటస్ గుమ్మానికి ఆనుకుని, బాగా చూడండి సార్, అడుగున ఏమన్నా మిగిలుంటదేమో, అన్నాడు, నాకు నవ్వు రాలేదు.

పొద్దున రెండో అంతస్తులో దిగిన చెన్నై రొయ్యల వ్యాపారి లుంగీతోనే కిందికి దిగి వచ్చి అరిచాడు, విస్కీ డబ్బులు తీసుకుని డికాషన్ పోస్తారా అని, ఎక్సైజ్ వాళ్ళకు ఫోన్ చేసిందీ అతనే, వాళ్ళ ఎస్సై బయల్దేరి అల్లూరు దాటాడంట, ముందు దిగినవాళ్ళెవరో తాగేసి, బిల్లు పడకుండా గదిలోని టీ కాచి పోసి మూత బిగించి పోయుంటారు, ఆ మాట టైటస్ కూడా అన్నాడు, సారు తల ఊపాడు, అయినా షరతు షరతే అన్నాడు, గదుల్లో మందు పెట్టుకునే అనుమతి వచ్చిన రోజు ఆ షరతులు చదివి వినిపించింది ఈయనే, ఫ్రిజ్‌కు తాళం ఉండాలి, తాళంచెవి అంతస్తుకు ఒకే మనిషి దగ్గర ఉండాలి, ఇరవయ్యొకటి నిండినట్టు కార్డు చూశాకే తీయాలి, పోలింగ్ రోజుల్లో సీలు వేయాలి, తేడా వస్తే తాళంచెవి ఉన్న మనిషే జవాబు చెప్పాలి, చదివి మా అందరి ముఖాలూ చూశాడు, టైటస్‌కిస్తే పొద్దుగూకేలోపు ఫ్రిజ్‌లో నీళ్ళే మిగులుతాయి, షాహిదాబీకి ఇద్దాం, వాళ్ళు తాగరు గదా, అన్నాడు, అందరూ నవ్వారు, టైటస్ అందరికంటే గట్టిగా నవ్వి, అక్కా, పిల్లికి కాకుండా కుందేలుకిచ్చినారు పాలకు కాపలా కాసే పని, అన్నాడు, ఆ రోజు నేనూ నవ్వాను, తాళంచెవిని తాడుకు కట్టి నడుముకు దోపుకున్నాను, గదుల్లో పక్కలు మార్చే మనిషికి ఒక బాధ్యత ఇచ్చారు అనుకున్నాను.

నీకెట్ట తెలస్తదిలే అంటాడు, నాకు తెలియదంటాడు, మా ఇంటాయన నాగూర్, రొయ్యల గుంటల దగ్గర కాపలా కాసి తెల్లారి ఇంటికొచ్చేవాడు, సోంపు నమిలి వచ్చేవాడు, ఒంటి మీద మేత వాసన, నోట్లో సోంపు, వాటి కింద ఇది, ఇదే, ఈ కుడి పక్కన పెట్టిన సీసాల వాసన, చెప్పులు విడిచే చప్పుడును బట్టే ఆ పూట ఎంత తాగాడో తెలిసేది, పొయ్యి దగ్గర కూర్చుని తల తిప్పకుండా చెప్పగలిగేదాన్ని, ఆయన పోయినప్పుడు పచ్చకామెర్లు అన్నాను, మసీదు దగ్గరా అదే, చుట్టాలకూ అదే, ఈ హోటల్లో పనికి చేరేటప్పుడు ఈయన అడిగితే ఈయనకూ అదే చెప్పాను, అయ్యో అన్నాడు, ఆ తర్వాతే గదా తాళంచెవి ఇచ్చింది.

ఎస్సై దగ్గర నువ్వేం భయపడబాక, అంటున్నాడు ఇప్పుడు, గొంతు తగ్గించాడు, మేలు చేస్తున్నవాడి గొంతు, డ్రైవర్‌ని పంపిస్తా, మీ ఇంట్లో ఖురాన్ ఉంటది గదా, తెప్పిద్దాం, ఆయన ముందర దాని మీద చెయ్యేసి నేను తీయలేదని చెప్పేయ్, మీకు అది పెద్దది, ఆయన కూడా నమ్ముతాడు, అయిపోతది, టైటస్‌ను ఏం తెమ్మన్నారు సార్ అన్నాను, వాడెందుకు తేవాల అన్నాడు, సీసాలు స్టోరులో నుంచి నాకు ఇచ్చేది టైటస్సే, పొద్దున నేను తీయలేదని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పోయాడు, వాణ్ణి బైబిల్ తెమ్మనలేదు, వెంకన్న మీద ఒట్టు పెట్టమని వంటవాళ్ళను అడగలేదు, ఒట్టు పెట్టకపోతే అన్నాను, పెట్టకపోతే నీ పేరే రాసుకుంటారు, రేపట్నించి నిన్ను ఎట్ట పెట్టుకునేది, నా చేతిలో ఏముంది, టైటస్ గుమ్మంలో నుంచి, పెట్టేయక్కా, అబద్ధం కాదు గదా, అన్నాడు, అబద్ధం కాదు, అదే నన్ను కాలుస్తోంది, నిజం మీద ఒట్టు పెడితే పాపం లేదు, చెయ్యి వేస్తే పని నిలబడుతుంది, ఇంటికి పోయి అన్నం తినొచ్చు, కానీ నా చెయ్యి పైకి రావడం లేదు, ఈయన నవ్వు, మీ సాయిబులు, వాళ్ళు తాగరు అనే ఆ మాట, తాళం ఫ్రిజ్‌కు వేశామనుకున్నాడు, ఆ తాళం నా మతానికి వేసి చెవి నా నడుముకు కట్టాడు, నేను దాన్ని మోసుకుని తిరిగాను, మావాళ్ళు తాగరన్న మాట నిలబడాలని నాగూర్ తాగుడును కూడా దాచిపెట్టాను.

తాడు విప్పి తాళంచెవిని సీసాల మధ్యన పెట్టాను, ఎడమ పక్కనా కాదు, కుడి పక్కనా కాదు, సార్, మాలో తాగేవాళ్ళు ఉండారు, మా ఇంటాయన తాగి తాగి పోయినాడు, పచ్చకామెర్లు ఊరికే రాలేదు, ఈ వాసన నాకు మీకన్నా బాగా తెలుసు, నేను తీయలేదు, టైటస్ ఎట్ట చెప్పినాడో అట్టే చెప్తున్నా, ఎస్సైకీ ఇదే చెప్తా, ఇంట్లో నుంచి ఏమీ రాదు, సారు సీసాను పెదవి దగ్గరే ఆపాడు, గుమ్మానికి ఆనుకున్న టైటస్ నిటారుగా నిలబడ్డాడు, బయట జీపు ఆగిన చప్పుడు వినిపించింది, కుర్చీ లాక్కుని కూర్చున్నాను, అప్పుడు తట్టింది నాకు, ఒట్టు పెట్టమన్నారు, వాసన తెలియదన్నారు, పేరు రాసుకుంటారన్నారు, నువ్వు తీశావా అని మాత్రం పొద్దున్నించి ఒక్కరూ అడగలేదు.