తూటికూర తొట్టిలో బంగారు పురుగు

పాలకొల్లు బజారులో కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. కొట్టు కొడుకు ప్రవీణ్‌కి అప్పగించి, వంటిల్లు సగం కోడలికి వదిలేశాక సంపూర్ణమ్మ తనకంటూ ఉంచుకున్నది ఆ డాబా ఒక్కటే. వంగ, బెండ, కరివేపాకు, ఓ మూల సిమెంటు తొట్టిలో తూటికూర. కాలవల్లో పెరిగే తూటికూర మీద ఆవిడకి నమ్మకం పోయింది. ఊరి మురుగంతా అందులోనే కలుస్తోందని ఓ తీగ తెచ్చి ఇంట్లోనే నాటుకుంది.

వానలు మొదలైన రోజుల్లో ఆ ఆకులు జల్లెడలా చిల్లులు పడ్డాయి. సంపూర్ణమ్మ వేపనూనె కలిపిన సీసా పట్టుకుని తొట్టి మీదకి వంగింది. ఆకు మీద ఏదో తళుక్కుమంది. కందిగింజంత పురుగు. చిన్న తాబేలులా ఉంది. అంచుల్లోంచి గాజులో చూసినట్టు కింది ఆకు కనిపిస్తోంది, నడుమ మాత్రం బంగారు నీరు పోసినట్టుంది. వేలితో తాకితే కాళ్ళు లోపలికి ముడుచుకుని ఆకుకి అతుక్కుపోయింది.

"అత్తయ్యగారూ, ఆగండి. మందు కొట్టకండి."

బట్టలు ఆరెయ్యడానికి పైకొచ్చిన కోడలు శ్రీదివ్య తడిచీర భుజాన ఉండగానే పరుగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయి డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరరు. కాపరానికి వచ్చినప్పటినుంచీ ఆవిడ దగ్గర గొంతు పెంచి ఎరగదు. ఇద్దరి మధ్యా మర్యాదకి లోటు లేదు. మాట్లాడుకోవడానికే ఏమీ ఉండేది కాదు.

"ఆకుపురుగుల్లో తాబేలు పురుగులని ఉంటాయండి. కానీ ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు," అంది శ్రీదివ్య మోకాళ్ళ మీద కూర్చుంటూ.

"నువ్వు చూళ్ళేదు గానీ అది నా కూరంతా చూసేసింది," అంది సంపూర్ణమ్మ. అన్నదే గానీ సీసా పక్కన పెట్టేసింది.

శ్రీదివ్య ఫోటోలు తీసి, ఇలాంటి పురుగుల మీదే జీవితమంతా పనిచేసిన బెంగళూరు శాస్త్రవేత్త ఒకాయనకి పంపింది. తెలిసిన జాతులకి దగ్గరగానే ఉంది గానీ మీసాలూ వీపు మీది గుంటలూ వేరుగా ఉన్నాయని, కొత్తదే కావచ్చని ఆయన జవాబిచ్చాడు. పురుగుల్ని సేకరించి, మగదాన్ని కోసి లోపలి భాగాలు కూడా పోల్చి చూస్తేగాని రూఢి కాదన్నాడు.

ఆ తర్వాత సాయంత్రాలు అత్తాకోడళ్ళిద్దరూ తొట్టి దగ్గరే. ఆకుల అడుగున పెట్టిన గుడ్లు పగిలాయి. ముళ్ళముళ్ళ పిల్లలు బయటికొచ్చాయి. అవి విడిచిన చర్మాన్నీ, తమ మలాన్నీ ఓ ముద్దలా చేసి, తోకతో ఎత్తి వీపు మీద పట్టుకుని తిరుగుతున్నాయి.

"ఛీ, ఇదేం అలవాటు?"

"అది వాటి గొడుగండి. చీమలు దగ్గరికి రాకుండా అడ్డం పెట్టుకుంటాయి."

సంపూర్ణమ్మ మొహం తిప్పుకుంది. కాసేపటికి మళ్ళీ వంగి చూసింది. కొట్టు మీద బేరాలు తగ్గే వేళకి ప్రవీణ్ కాఫీ కోసం కేకేసినా ఆవిడకి వినిపించడం మానేసింది.

ఒకరోజు భోజనాల బల్ల మీద ఓ పెట్టె కనబడింది. లోపల సూదులకి గుచ్చిన గోధుమరంగు పురుగులు వరసగా ఉన్నాయి.

"ఇవేంటమ్మాయ్, బొద్దింక పిల్లలా?"

"మన పురుగులేనండి," అంది శ్రీదివ్య నెమ్మదిగా. "ఒంట్లో తడి ఉన్నంతసేపే ఆ మెరుపు. చచ్చిపోతే ఇలా అయిపోతాయి."

"చంపకుండా రాసుకోకూడదా?"

"రేపు ఇంకెక్కడో ఎవరికో ఇలాంటిదే దొరికితే, రెండూ ఒకటో కాదో పక్కన పెట్టి చూసుకోవాలి కదండీ. దానికి అసలుది మ్యూజియంలో ఉండి తీరాలి."

ఆ మాటలో న్యాయం ఉందని సంపూర్ణమ్మకి తెలుస్తూనే ఉంది. అయినా ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు కోడలు కాలేజీకి వెళ్ళాక పాత పెయింటు బక్కెట్టులో తూటితీగ నాటి, తొట్టిలోంచి కొన్ని పురుగుల్ని ఏరి అందులో వదిలింది. పైన వాయిలు చీర ముక్క కట్టి నీళ్ళ ట్యాంకు వెనక వాన పడని చోట పెట్టింది. ఎవరితోనూ చెప్పలేదు.

తర్వాత వాయుగుండం పట్టింది. ఎడతెగని వానకి తొట్టి పొంగిపోయి తూటితీగ కుళ్ళిపోయింది, పురుగులు కొట్టుకుపోయాయి. ముసురుకి ఇంట్లో చేరిన చీమలు పెట్టె సందులోంచి దూరాయి. శ్రీదివ్య మూత తీసేసరికి సూదులూ, కొన్ని రెక్కల ముక్కలూ మిగిలాయి. వాన తెరిపిచ్చాక, అక్కడైనా పురుగులు దొరుకుతాయేమోనని ప్రవీణ్ బండి మీద ఆమెని కాలవ వెంట చాలా దూరం తిప్పాడు. గుర్రపుడెక్కతో పాటు తూటి కూడా యంత్రంతో ఎత్తి గట్టున పోసేశారు. ఇద్దరూ బురద కాళ్ళతో తిరిగొచ్చారు.

శ్రీదివ్య మెట్ల మీదే కూర్చుండిపోయింది. "మగదాన్ని ఇంకా కొయ్యనే లేదండి," అని భర్తతో అంటూ ఏడ్చేసింది. ప్రవీణ్ కొట్లోంచి తెచ్చిన బిస్కెట్ పాకెట్ ఆమె ఒళ్ళో పెట్టి నిలబడ్డాడు.

సంపూర్ణమ్మ డాబా ఎక్కి ట్యాంకు వెనక్కి వెళ్ళింది. గుడ్డ విప్పి చూస్తే బక్కెట్టు నిండా పురుగులే. ఆకుకో రెండు, కాడకో రెండు. ఎండకి అన్నీ మెరుస్తున్నాయి. గుడ్డ మళ్ళీ కట్టేసింది. కాసేపు పిట్టగోడ పట్టుకుని నిలబడింది. కింద పిల్ల ముక్కు చీదుకోవడం వినిపించింది.

"దివ్యా, ఒకసారి పైకి రామ్మా."

సంపూర్ణమ్మ గుడ్డ విప్పగానే శ్రీదివ్య బక్కెట్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎప్పటినుంచండి ఇవి?" అంది.

"నువ్వు వాటిని సూదులకి గుచ్చిన మర్నాటినుంచి."

"నాకు చెప్పలేదేంటండి?"

"చెప్తే తీసుకుంటావని."

శ్రీదివ్య కన్నీళ్ళతోనే నవ్వింది. "తీసుకుంటానండి. కొన్నే."

"బాధ పడతాయా?"

"మందు వాసనకి నిద్రపోయినట్టు పోతాయండి. మీరు చూడలేకపోతే కిందకి వెళ్ళండి."

సంపూర్ణమ్మ మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "ఏవి కావాలో చూపించు. నేను పెంచాను, నా చేత్తోనే వేస్తాను." క్షీరారామ లింగేశ్వరుణ్ణి తలుచుకుని ఒక్కొక్కదాన్నీ ఆకు మీంచి మెల్లిగా తీసి శ్రీదివ్య తెచ్చిన మందు సీసాలో వేసింది. శ్రీదివ్య ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. మునుపెప్పుడూ అలా వెయ్యలేదు. ఆ చెయ్యి అక్కడ చాలాసేపు ఉంది.

ఈసారి పెట్టె సంగతి సంపూర్ణమ్మే చూసుకుంది. పంచదార డబ్బాకి చేసినట్టే నీళ్ళ పళ్ళెంలో పీట వేసి, దాని మీద పెట్టింది.

మగ పురుగు లోపలి భాగాలు కూడా వేరుగానే ఉన్నాయని తేలింది. చలికాలంలో ఒక సాయంత్రం శ్రీదివ్య టీ పట్టుకుని పైకొచ్చింది. "వివరమంతా రాయడం అయిపోయిందండి. ఇక పేరు పెట్టాలి. మీ పేరు పెడదామనుకుంటున్నాను."

"పురుగుకా?"

వెనకే వచ్చిన ప్రవీణ్ పగలబడి నవ్వాడు. "అత్తగారి పేరు పురుగుకి పెట్టిన కోడలివి ఊరు మొత్తమ్మీద నువ్వేనే."

"నీ పేరే పెట్టుకో అమ్మాయ్."

"ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోవడం మర్యాద కాదండి."

"పోనీ వాడి పేరు పెట్టు."

"ఆయన పెంచారా అండి?"

సంపూర్ణమ్మ టీ ఊదుకుంటూ ఆలోచించింది. "ఎలా రాస్తావేంటి?"

"కాసిడా సంపూర్ణే అని. కాసిడా వీటి ఇంటిపేరు లాంటిదండి. లాటిన్‌లో ఆడవాళ్ళ పేరయితే చివర అలా 'ఏ' అని వస్తుంది. సంపూర్ణగారిది అని అర్థం."

సంపూర్ణగారిది. కొట్టు బోర్డు మీద మామగారి పేరుంది, ఇంటిపన్ను కాగితం మీద భర్త పేరుంది. ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. "సరే, తప్పుల్లేకుండా రాయి," అంది.

వ్యాసం అచ్చయిన రోజు శ్రీదివ్య దాన్ని మొదటినుంచి చివరిదాకా తెలుగులో చదివి చెప్పింది. మీసాలు, కాళ్ళ గోళ్ళు, వీపు మీది గుంటలు, ప్రాణంతో ఉన్నప్పటి రంగు, చివర కృతజ్ఞతలు. సంపూర్ణమ్మ తన పేరున్న చోటు మళ్ళీ చదివించుకుంది. అయ్యాక రావులపాలెంలో ఉన్న చెల్లెలు సూర్యకళకి ఫోను చేసింది.

"పురుగుకేంటే నీ పేరు?" అంది అవతల సూర్యకళ.

"నువ్వు చూళ్ళేదు కాబట్టి అలా అంటున్నావు. ఆదివారం బస్సెక్కి రా. ఎప్పట్లా మీ ఊరి అరటిగెలలేమీ మొయ్యక్కర్లేదు, ఖాళీ చేతుల్తోనే రా. మా దివ్య దగ్గరుండి చూపిస్తుంది."