రెండు మీటర్ల వైరు

వైర్ల బావ అంటే బంధువులందరికీ లోకువే. ఎవరింట్లో రూటరు మొరాయించినా "ఒకసారి వచ్చి చూడవూ" అని ఫోన్ చేస్తారు. ఆఫీసుల్లో నెట్‌వర్క్ కేబుళ్ళు లాగడమే ఆయన బతుకుతెరువు మరి. ఆ మధ్యాహ్నం చెల్లెలు ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. "ఫోటోలు రావట్లేదన్నయ్యా. నాలుగింటికల్లా ప్రింటింగ్ షాపుకి ఇవ్వకపోతే మా పరువు పోతుంది" అంది. ఆయన చేతిలో పని వదిలేసి వచ్చాడు.

సంగతేమిటంటే, సాయంత్రం స్కూల్లో హెడ్మిస్ట్రెస్ గారి రిటైర్మెంటు సభ. ఆవిడకిచ్చే ఆల్బమ్ పని చెల్లెలూ మొగుడూ నడిపే స్టూడియోకి వచ్చింది. స్టూడియో అంటే ఇల్లే. ముందు గదిలో మొగుడి కంప్యూటరు, వెనక గదిలో చెల్లెలి ల్యాప్‌టాప్. ఆయన ఫోటోలు తీస్తాడు, ఈవిడ పేజీలు పేరుస్తుంది. పేజీలన్నీ సిద్ధం. అసలు సైజు ఫోటోలు వచ్చి పడటమే తరువాయి. అవేమో రూటరు మీదుగా నత్తనడక నడుస్తున్నాయి. టైము రెండయింది, తెర మీద ఇంకా అయిదు గంటలని చూపిస్తోంది.

"పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే పోయేదానికి ఇంత రభసెందుకు?" అన్నాడు వైర్ల బావ.

ఇద్దరూ ఎవరి తెర వైపు వాళ్ళు తిరిగారు. పెన్‌డ్రైవ్ ఇవ్వాలంటే పక్క గదికి వెళ్ళాలి, వెళ్తే మాట్లాడాలి. మూడు రోజులుగా వాళ్ళకి మాటల్లేవు. హెడ్మిస్ట్రెస్ గారు పగలబడి నవ్వుతున్న ఫోటోని ఆల్బమ్ అట్ట మీద వేద్దామని మొగుడు ముచ్చటపడితే, చెల్లెలు టీచర్లందరి ముందూ "అది బ్లర్ అయింది" అనేసింది. అంతే. ఆయన అలిగి, నెట్‌వర్క్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, కావలసినవి అందులోంచి తీసుకోమని కాగితం మీద రాసి ఆవిడ తలుపుకి అంటించాడు.

రూటరు ఇనప బీరువా వెనక నక్కి ఉంది. వైర్ల బావ దాన్ని బయటికి లాగి టేబుల్ మీద పెట్టాడు. అయిదు గంటలు కాస్తా నాలుగున్నర అయింది. వైఫై ఛానెల్ మార్చాడు. నాలుగుంబావు.

"మీ చెల్లెల్ని వీడియోలు ఆపమనండి బావగారూ" అంది ముందు గది.

"నేనేం వీడియోలు చూడట్లేదని చెప్పన్నయ్యా" అంది వెనక గది.

"అయితే ఫోల్డర్ మూసి మళ్ళీ తెరవమనండి."

"ఆ పని పొద్దున్నే చేశానని చెప్పు."

ఈ కబుర్లు ఆ గదికీ ఈ గదికీ మోయలేక వైర్ల బావకి తల ప్రాణం తోకకొచ్చింది. యాభై దాటిన మోకాళ్ళు, పాపం.

అయిదోసారి వెళ్తూ నడవలో ఆగిపోయాడు. రెండు కంప్యూటర్లూ వైర్‌లెస్ మీదే ఉన్నాయి. అక్కణ్ణుంచి బయల్దేరిన ప్రతి ఫోటో ముందు రూటరు దగ్గరికొచ్చి, మళ్ళీ ఇక్కణ్ణుంచి అటు పోవాలి. ఒకే దారిలో రెండు ప్రయాణాలు. ఆ రూటరు మీద ఆయనకి ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

సంచి తెరిచాడు. లోపల ముప్ఫై మీటర్ల కేబుల్ చుట్ట ఉంది. ఇల్లంతా తిప్పినా ఇంకా మిగులుతుంది. దాన్ని స్క్రూడ్రైవర్ల కిందికి తోసేసి, పొట్టి ముక్కొకటి పైకి తీశాడు.

"రెంటినీ సూటిగా కలిపేయాలి. నా దగ్గరున్నది రెండు మీటర్లే. ల్యాప్‌టాప్ ముందు గదికి తెచ్చుకోవాల్సిందే" అన్నాడు గంభీరంగా.

మూడు కావస్తోంది. చెల్లెలు మూతి ముడుచుకునే వచ్చి, మొగుడి పక్క కుర్చీలో ఆ అంచున కూర్చుంది. వైరు తగిలించాక తెర మీద పదకొండు నిమిషాలని పడింది.

ఆరో నిమిషంలో ఆ నవ్వే ఫోటో వచ్చింది. ఇంత పెద్ద సైజులో హెడ్మిస్ట్రెస్ గారి కళ్ళజోడు రెండు జోళ్ళలా కనబడుతోంది. ఫోటోగ్రాఫర్ చాలాసేపు చూశాడు.

"తీసెయ్. బ్లరే" అన్నాడు.

"అట్ట మీద వద్దన్నాను గానీ పారెయ్యమన్నానా? ఆవిడ నోరారా నవ్వింది ఇదొక్కదాంట్లోనే. ఆఖరి పేజీ దీనికోసమే ఖాళీగా ఉంచాను."

"ఎప్పుడుంచావ్?"

"ఆ రోజే. అడిగితేగా."

ఆయన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. నాలుగవడానికి పావుగంట ఉందనగా చెల్లెలు పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన బండి మీద షాపుకి పరుగెత్తాడు.

వైర్ల బావ చెప్పులేసుకుంటుంటే చెల్లెలు సంచి అందించబోయి, బరువు చూసి ఆగింది. జిప్పు సందులోంచి లోపలికి తొంగి చూసింది.

"ఆ రెండు మీటర్లూ ఇక్కడే ఉంచెయ్యన్నయ్యా" అంది. ముప్ఫై మీటర్ల సంగతి మాత్రం మొగుడికి ఈరోజుకీ చెప్పలేదు.